నెత్తురు పరీక్ష చీటీ వెనుక కథ



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గం వారు కోరినప్పుడు మొదట పెన్షన్ సంగతులు రాద్దామనుకున్నాను. కాని వాటి మీద నాకంటే బాగా రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ దవాఖానల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసినవాణ్ణి. నాకు తెలిసింది నెత్తురు చుక్క, గాజు పలక, మైక్రోస్కోప్. వాటి గురించే రాయాలని పోయిన చలికాలంలో జరిగిన ఒక సంగతి నాకు గుర్తు చేసింది.

కోరుట్లలో స్థిరపడ్డ ఒక విశ్రాంత ఉపాధ్యాయ మిత్రునికి కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల పట్టీలో వి.డి.ఆర్.ఎల్. అనే పరీక్ష కూడా ఉంది. ఫలితం దగ్గర "రియాక్టివ్, 1:2" అని రాసి ఇచ్చారు. ఎవరో పక్కనున్న కుర్రవాడు అది సుఖవ్యాధి పరీక్ష అని చెప్పాడు. అంతే, ఆ మనిషి ఆపరేషన్ మాట మరచి ఇంటికి వచ్చి మంచం పట్టాడు. నాలుగు రోజుల తర్వాత నాకు ఫోన్ చేసి, "అన్నా, అరవై ఆరేండ్ల వయసుల నాకు ఈ మచ్చ ఏందే? ఇంట్ల మొఖం ఎత్తలేకపోతున్న" అని ఏడ్చాడు. నలభై ఏళ్ళ కాపురం చేసిన ఇల్లాలు అతనితో మాట్లాడటం మానేసింది.

ఆ సాయంత్రమే బస్సెక్కి కోరుట్ల పోయాను. అక్కడ నేనేం చెప్పానో చివర చెబుతాను. ముందు ఆ "రియాక్టివ్" అనే మాట ఎక్కడ పుట్టి మన ఇంటి గడప దాకా వచ్చిందో తెలుసుకోవాలి.

ఫిరంగి రోగం నుంచి వాసర్‌మన్ దాకా

సిఫిలిస్‌ను మన పెద్దలు సవాయి రోగం అనేవారు. నిజాం కాలంలో హకీములు ఆతషక్ అనేవారు. పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు తన భావప్రకాశంలో దీన్ని ఫిరంగ రోగం అన్నాడు. ఫిరంగులు, అంటే పరంగి వారు, తెచ్చిన రోగం అని అర్థం. దానికి పాదరసంతో చేసిన రసకర్పూరం, చోప్‌చినీ మందుగా చెప్పాడు. యూరప్‌లో 1495 ప్రాంతంలో ఇటలీలోని నేపుల్స్ దగ్గర ఈ రోగం పెద్ద ఎత్తున బయటపడింది. ఇటలీ వారు దీన్ని ఫ్రెంచి రోగమన్నారు, ఫ్రెంచి వారు నేపుల్స్ రోగమన్నారు. ఎవరికి వారు పొరుగువాని మీదికి నెట్టిన రోగమిది. ఆ అలవాటు నేటికీ పోలేదు.

1905లో బెర్లిన్‌లో షౌడిన్, హోఫ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ రోగానికి కారణమైన క్రిమిని చూశారు. స్క్రూ మాదిరి మెలికలు తిరిగి, అతి సన్నగా, మామూలు రంగు పట్టకుండా ఉంటుంది. దాని పేరు ట్రెపొనిమా పాలిడమ్. దాన్ని పుండు రసిలో వెతికి పట్టాలి. పుండు మానిపోతే దొరకదు. మరి పుండు మాని, రోగం లోపల దాగినవానిని గుర్తించేదెట్లా?

1906లో ఆగస్ట్ వాసర్‌మన్, నైసర్, బ్రూక్ కలిసి నెత్తురు పరీక్షను కనిపెట్టారు. రోగం క్రిమిని ప్రయోగశాలలో పెంచడం వీలుకాక, ఆ రోగంతో చనిపోయి పుట్టిన శిశువు కాలేయం నుంచి తీసిన రసాన్ని వాడారు. అందులో క్రిములు కోకొల్లలుగా ఉంటాయి కనుక, రోగి నెత్తురులోని ప్రతిరక్షకాలు వాటిని పట్టుకుంటున్నాయని వారు భావించారు. కాని ఏడాది తిరగకముందే ఒక వింత బయటపడింది. రోగం లేని కాలేయం రసంతోనూ, గుండె కండరం రసంతోనూ పరీక్ష అట్లాగే పనిచేసింది!

అంటే ఈ పరీక్ష పట్టేది క్రిమిని కాదు. రోగం వల్ల కణాలు దెబ్బతిన్నప్పుడు శరీరంలో పుట్టే ఒక రకం ప్రతిరక్షకాన్ని. ఊళ్ళో దొంగ పడ్డప్పుడు కుక్కలు మొరిగినట్టన్న మాట. మొరుగు వినబడింది గాని దొంగ కనబడలేదు. కుక్క ఇంకెవరిని చూసైనా మొరగవచ్చు. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగిలినదంతా అర్థమైనట్టే.

మన ల్యాబులోకి వి.డి.ఆర్.ఎల్.

వాసర్‌మన్ పరీక్ష చాలా చిక్కైనది, రోజంతా పట్టేది. 1923లో అమెరికాలోని మిచిగాన్‌లో రూబెన్ కాన్ దాన్ని సులభం చేశాడు. మన పాత డాక్టర్లు "కాన్ టెస్ట్" అన్నది దాన్నే. 1941లో మేరీ పాంగ్‌బోర్న్ అనే శాస్త్రజ్ఞురాలు ఎద్దు గుండె నుంచి కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థాన్ని శుద్ధిగా వేరు చేసింది. దానికి లెసితిన్, కొలెస్టరాల్ కలిపి 1946లో అమెరికా ప్రభుత్వ సుఖవ్యాధుల పరిశోధనశాల వారు కొత్త పరీక్ష తయారు చేశారు. ఆ పరిశోధనశాల పేరులోని పొడి అక్షరాలే వి.డి.ఆర్.ఎల్. అంతకు ముందే 1943లో మహనీ అనే డాక్టరు పెన్సిలిన్ ఈ రోగాన్ని నయం చేస్తుందని చూపించాడు. మందు, పరీక్ష రెండూ సులభమయ్యాయి.

నేను 1978లో ఉద్యోగంలో చేరాను. జగిత్యాల జైత్రయాత్ర జరిగిన సంవత్సరం, సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన సంవత్సరం అది. కలకత్తాలోని కేంద్ర ప్రభుత్వ సెరాలజీ సంస్థ తయారు చేసే యాంటిజెన్ అంపూళ్ళు మాకు వచ్చేవి. నెత్తురు గడ్డకట్టాక పైకి తేరిన సీరం తీసి, 56 డిగ్రీల నీళ్ళలో అరగంట వేడిచేసేవాళ్ళం. యాంటిజెన్‌ను ఏ రోజుకారోజు ఉప్పు ద్రావణంలో చుక్క చుక్కగా కలుపుకోవాలి. నిన్నటిది నేడు పనికిరాదు. గాజు పలక మీది వలయంలో సీరం వేసి, కొలిచిన సూదితో ఒక్క చుక్క యాంటిజెన్ వదిలి, నిమిషానికి 180 చుట్ల చొప్పున 4 నిమిషాలు తిప్పి, వెంటనే మైక్రోస్కోప్ కింద పెట్టాలి. నూకల్లాగా గుంపులు కడితే రియాక్టివ్. పిండి జల్లినట్టు సమంగా ఉంటే నాన్ రియాక్టివ్.

ఈ పరీక్షకు గది వేడి 23 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి. మన దగ్గర మే నెల ఎండలు మీకు తెలియనివి కావు. అందుకే వేసవిలో తెల్లవారి ఆరింటికే వచ్చి, తడి గోనెసంచులు కిటికీలకు కట్టి, ఎండ ఎక్కకముందే పరీక్షలు ముగించేవాళ్ళం. ఒక్క చుక్క ఎక్కువైనా, ఒక్క నిమిషం ఆలస్యమైనా ఫలితం మారిపోతుంది. ఒక మనిషి పరువు ఆ చుక్కలో ఉందని అప్పుడు నాకు అంతగా తట్టలేదు.

జగిత్యాల: కడుపు నిలవని తల్లి

ఈ పరీక్ష చేసిన మేలు మొదట చెబుతాను. ఎనభైల మొదట్లో జగిత్యాల ప్రాంతపు బీడీలు చుట్టే ఒక తల్లి దవాఖానకు వచ్చింది. మూడుసార్లు ఏడో నెలలో, ఎనిమిదో నెలలో చనిపోయిన బిడ్డలే పుట్టారు. ఇంట్లోవాళ్ళు చేతబడి అన్నారు, కోళ్ళు కోశారు, తాయెత్తులు కట్టించారు. నాలుగోసారి మూడో నెలలో డాక్టరమ్మ నెత్తురు పరీక్షకు పంపింది. 1:32 దాకా రియాక్టివ్ వచ్చింది. భర్త ఏండ్ల తరబడి బొంబాయిలో పనిచేసి వచ్చినవాడు. అతని పరీక్షా అంతే.

1:32 అంటే ఏమిటి? సీరంను ఒక పాలుకు ముప్పై రెండు పాళ్ళయ్యేదాకా పలుచన చేసినా గుంపులు కడుతూనే ఉన్నదని అర్థం. దీన్నే టైటర్ అంటారు. అంకె పెద్దదైన కొద్దీ లోపల రోగం ఉరకలు వేస్తోందని అనుమానం బలపడుతుంది. డాక్టరమ్మ ఇద్దరికీ బెంజథీన్ పెన్సిలిన్ సూదులు వేయించింది. కొత్తగా సోకిన రోగానికి 24 లక్షల యూనిట్లు ఒక్కసారి, పాతదైతే వారానికొకసారి చొప్పున మూడు వారాలు వేస్తారు. నెలలు నిండాక ఆ తల్లి బతికిన బిడ్డను కన్నది. ఆ బిడ్డను ఎత్తుకుని ల్యాబ్ గడప దగ్గర నిలబడి, "సారూ, మీ గాజు ముక్క నా బిడ్డను బతికిచ్చింది" అన్నది. ఆ రోజు నా జీతానికంటే పెద్ద జీతం అందింది.

గర్భిణికి ఈ పరీక్ష తొలి నెలల్లోనే చేయాలనడం ఇందుకే. చికిత్స లేకపోతే గర్భస్రావం, మృతశిశువు, పుట్టుకతోనే రోగం, ఏదైనా రావచ్చు. ఒక్క సూదితో తప్పించగల ఆపద ఇది.

సిరిసిల్ల: నేను చేసిన తప్పు

ఇక నా మనసులో ముల్లులా మిగిలిన సంగతి. అదీ ఎనభైల నాటిదే. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుని ఇల్లాలు చలిజ్వరంతో వచ్చింది. ఏయే పరీక్షలు రాశారో అన్నీ చేశాను. మలేరియా క్రిములు కనబడ్డాయి. వి.డి.ఆర్.ఎల్. 1:4 రియాక్టివ్ వచ్చింది. రెండు చీటీలూ రాసి, పక్కన నిలబడ్డ అత్తగారి చేతిలో పెట్టాను. "ఇదేం పరీచ్చ నాయనా" అని ఆమె అడిగితే, పని తొందరలో "సుఖవ్యాధిది" అన్నాను. డాక్టరు దగ్గరికి ఆ చీటీలు పోనే లేదు. ఆ అమ్మను పుట్టింటికి పంపేశారు. మొగుడు భివండీలో మగ్గాల మీద పనిచేసి వచ్చినవాడే గాని, అతని నెత్తురు చూడాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మలేరియాలో ఈ పరీక్ష తప్పుగా రియాక్టివ్ రావచ్చునని పుస్తకంలో చదివే ఉన్నాను. కుష్ఠు, క్షయ, కొన్ని వైరస్ జ్వరాలు, కీళ్ళ వాతం జాతికి చెందిన లూపస్, ఒక్కోసారి గర్భం, ముసలితనం, ఇవన్నీ కారణాలే. కుక్క ఎవరిని చూసైనా మొరగవచ్చన్నానే, అదే ఇది. మలేరియా దోమలో పెరుగుతుందని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ మలేరియా మన జిల్లాలో ఇంటింటా ఉన్న రోజుల్లో నేను ఆ ఒక్క వాక్యం చీటీ మీద రాయలేదు.

ఆరు నెలల తర్వాత ఆమె తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మళ్ళీ పరీక్ష చేస్తే నాన్ రియాక్టివ్. భర్తను పిలిపించి చేస్తే అతనిదీ నాన్ రియాక్టివ్. ఈసారి డాక్టరు గారి చేత వివరంగా రాయించుకుని నేనే సిరిసిల్లకు బస్సులో పోయి పెద్దమనుషుల ముందు చెప్పి వచ్చాను. ఆమె మళ్ళీ కాపురానికి వచ్చింది. కాని ఆ ఆరు నెలలు ఎవరు తిరిగి ఇస్తారు? అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఈ పరీక్ష చీటీని డాక్టరుకు తప్ప ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

ఫలితాన్ని దాచిపెట్టి చేసిన ద్రోహం కూడా చరిత్రలో ఉంది. అమెరికాలోని టస్కీగీ ప్రాంతంలో 1932 నుంచి 1972 దాకా సుమారు 400 మంది పేద నల్లజాతి రోగులను, వారి రోగం పేరు వారికి చెప్పకుండా, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, రోగం ఎట్లా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. 1997లో ఆ దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. చెప్పరానివారికి చెప్పడం ఒక తప్పు, చెప్పవలసినవారికి చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

కోరుట్ల: గల్ఫ్ చీటీ

తొంభైలలో కోరుట్ల, జగిత్యాల పల్లెల నుంచి దుబాయి, మస్కట్ బాట పట్టినవారు ఎందరో. గల్ఫ్ దేశాలకు పోవాలంటే వైద్య పరీక్షల్లో సిఫిలిస్ పరీక్ష కూడా తప్పదు. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన ఒక యువకుడు "అన్‌ఫిట్" అనిపించుకుని నా దగ్గరకు వచ్చాడు. "సార్, పదేండ్ల కింద సూదులేసుకున్న, మానిపోయింది. మల్ల ఎట్లొచ్చింది?" అని అడిగాడు.

అతనికి వచ్చింది రెండో రకం పరీక్షలో, టి.పి.హెచ్.ఎ. అనే దానిలో. అరవైలలో వచ్చిన ఈ పరీక్ష అసలు క్రిమి భాగాలనే వాడుతుంది. కనుక మలేరియాను చూసి మోసపోదు. కాని దీనికి ఇంకో గుణం ఉంది. ఒకసారి రోగం సోకితే, పూర్తిగా నయమైనా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. గాయం మానింది, మచ్చ మిగిలింది. రోగం ఇప్పుడు ఉన్నదా లేదా అనేది ఇది ఒక్కటే చెప్పలేదు. అతని వి.డి.ఆర్.ఎల్. నాన్ రియాక్టివ్. అంటే వైద్యం పనిచేసిందనే అర్థం. అయినా ఆ దేశపు నిబంధన ముందు నా వివరణ నిలవలేదు. ఆ ఏడు అతడు గల్ఫ్ పోలేదు.

ఇంకో చిక్కు గోదావరి లోయ అడవుల్లో ఉండేది. కోయరోగం అని పిలిచే యాస్ అనే చర్మవ్యాధి అక్కడి గిరిజన పిల్లల్లో ఉండేది. అది సుఖవ్యాధి కానే కాదు, చర్మం చర్మం తగిలితే అంటుకునేది. కాని దాని క్రిమి సిఫిలిస్ క్రిమికి తోబుట్టువు. ఏ నెత్తురు పరీక్షా ఈ రెంటినీ విడదీయలేదు. మన దేశంలో 1996లో ఒరిస్సాలోని కోరాపుట్‌లో మొదలైన నిర్మూలన కార్యక్రమం వల్ల 2003 తర్వాత కొత్త కేసులు లేవు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని యాస్ లేని దేశంగా గుర్తించింది. చిన్ననాడు ఆ వ్యాధి వచ్చిపోయిన ముసలివారి నెత్తురులో మాత్రం ఆ గుర్తు ఉండవచ్చు. అది వారి నడవడికకు సాక్ష్యం కాదు.

చీటీని చదవడం ఎట్లా?

మొదటిది, రెండు పరీక్షలూ కలిపి చదవాలి. వి.డి.ఆర్.ఎల్., లేదా దాని తమ్ముడైన ఆర్.పి.ఆర్. రియాక్టివ్ వచ్చి, టి.పి.హెచ్.ఎ. నెగెటివ్ వస్తే చాలావరకు అది రోగం కాదు, ఇంకేదో కారణం. రెండూ పాజిటివ్ అయితే ఇప్పటి రోగమో, ఇదివరకు వైద్యం జరిగినదో డాక్టరు తేల్చాలి. టి.పి.హెచ్.ఎ. ఒక్కటే పాజిటివ్ అయితే పాత రోగం కావచ్చు, మరీ కొత్తదీ కావచ్చు.

రెండవది, తొందరపడి చేయించుకున్న పరీక్షలో రోగం దొరకకపోవచ్చు. రోగం సోకిన 9 నుంచి 90 రోజుల్లో నొప్పి లేని పుండు వస్తుంది. ఆ తర్వాత కొన్ని వారాలకు గాని నెత్తురులో గుర్తు కనబడదు. ప్రతిరక్షకాలు మరీ ఎక్కువైనప్పుడు కూడా పలుచన చేయని సీరం నాన్ రియాక్టివ్‌గా మోసగించవచ్చు.

మూడవది, వైద్యం తర్వాత టైటర్ నాలుగో వంతుకు దిగిందా అని చూడాలి. 1:32 నుంచి 1:8కి దిగితే మందు పనిచేసినట్టు. 1:8 నుంచి 1:4కి దిగితే అది మార్పు కింద లెక్క కాదు. కొందరిలో చిన్న అంకె ఏండ్ల తరబడి అట్లాగే నిలిచిపోతుంది.

నాలుగవది, ఒక చిన్న లెక్క. వెయ్యి మందిలో పది మందికే నిజంగా రోగం ఉందనుకుందాం. పరీక్ష వారిలో ఎనిమిది మందిని పట్టిందనుకుందాం. మిగిలిన 990 మందిలో నూటికి ఒక్కరికి తప్పుగా రియాక్టివ్ వస్తే సుమారు పది మంది. మొత్తం పద్దెనిమిది చీటీల మీద రియాక్టివ్ అని ఉంటుంది. అందులో సగానికి పైగా ఏ రోగమూ లేనివారే! మొదటి పరీక్ష తీర్పు కాదు, సమన్లు మాత్రమే.

మళ్ళీ కోరుట్లకు

ఈ కథంతా ఆ సాయంత్రం నా మిత్రునికీ, అతని ఇల్లాలికీ ఎదురుగా కూర్చుని చెప్పాను. చాయ్ చల్లారిపోయింది. ఆమె అంతా విని, "బావగారూ, రెండో పరీక్ష గూడ తప్పని చెప్తే?" అని మాత్రం అడిగింది. "రెండో పరీక్షలో నిజంగా ఉంటే సూదులు వేయించుకుందాం అమ్మా. రోగానికి మందుంది" అన్నాను.

మర్నాడు టి.పి.హెచ్.ఎ. చేయించాము. నెగెటివ్. డాక్టరు గారు వయసు వల్ల ఇట్లా రావడం మామూలేనని, కొన్నాళ్ళకు మళ్ళీ ఒకసారి చూద్దామని చెప్పారు. కన్ను ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు పేపరు అద్దాలు లేకుండా చదువుతున్నాడు. ఆ ఇల్లాలు ఫోన్‌లో ఒకసారి, "నాలుగు దినాలు ఆయనతోని మాట్లాడలేదు, ఆ బాధ ఇంక పోలేదు" అన్నది. సిరిసిల్ల అమ్మ గుర్తుకొచ్చింది నాకు.

నేడు వేలి చివర నెత్తురు చుక్కతో ఇరవై నిమిషాల్లో ఫలితం చెప్పే పట్టీలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో సుమారు 80 లక్షల మంది వయోజనులకు ఈ రోగం కొత్తగా సోకింది. కనుక రోగం పోయిందని ధీమా పడరాదు, పరీక్ష మానరాదు. గర్భిణులైన మన కోడళ్ళకు, బిడ్డలకు తప్పకుండా చేయించండి. మనలో ఎవరికైనా ఆపరేషన్ ముందు ఇట్లాంటి చీటీ వస్తే భయపడి ఇంట్లో ముడుచుకోకండి, దాన్ని చింపి పారేయకండి కూడా. రెండో పరీక్ష అడగండి. పొరుగువారి చీటీ మీ కంటబడితే చదవకుండా మడిచి వారికే ఇవ్వండి.

నేను 2012లో దిగివచ్చాను. గాజు పలకలు తిప్పిన చేతులు ఇప్పుడు కాస్త వణుకుతున్నాయి. ఈ నాలుగు మాటలు మన సభ్యుల్లో ఒక్క ఇంటికైనా పనికొస్తే నా పాత అప్పులో కొంతైనా తీరిందనుకుంటాను.